కట్టిన బిల్లులకు విలువ కట్టండి

(శ్రీకాకుళంలో జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారం. 1986 నాటి వినియోగదారుల చట్టం గురించి మాట్లాడమన్నారు. దాని గురించి చెప్పేవాళ్లు నా తర్వాత చాలామందే ఉన్నారు. నేను అప్పు పుట్టని వినియోగదారుల గురించి చెబుతాను.

కాశీబుగ్గలో టిఫిన్ బండి నడిపే ఒకావిడ ఉంది. కరెంటు బిల్లులన్నీ ఇనుప తీగకు గుచ్చి గోడకు తగిలించుకుంటుంది. గ్రైండరు కొనడానికి లోను కావాలని ఆ తీగ పట్టుకునే బ్యాంకుకు వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. ఆఫీసరు బిల్లుల వంక చూడనే లేదు. కంప్యూటర్లో చూసి, "సిబిల్‌లో మీ పేరు మీద ఏమీ లేదమ్మా" అన్నాడు.

"ఏటి బాబూ, ఇన్నేళ్లు కట్టిందంతా ఏటైపోయింది?" అందావిడ.

అతను మాట్లాడలేదు. చివరికి ఆవిడ నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. ఏడాదికి అరవై! ఏనాడూ బాకీ పెట్టని మనిషికి పడ్డ శిక్ష ఇది.

సిబిల్ అంటే ఎవరు అప్పు ఎలా తీర్చారో లెక్క రాసిపెట్టే సంస్థ. 300 నుంచి 900 దాకా అది వేసే స్కోరు పాత అప్పులు, క్రెడిట్ కార్డులు చూసి వేసేది. అప్పు చేయనివాళ్లకు స్కోరు రాదు, స్కోరు లేకపోతే అప్పు పుట్టదు. మరి నెలనెలా కట్టే అద్దె, కరెంటు, రీఛార్జి లెక్కలోకి రావా? వచ్చే దారి ఉంది. 2021లో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతిలో, మీరు సరేనంటే మీ బ్యాంకు ఖాతా వివరాలు, అంటే అందులోంచి ఏమేం కట్టారో, అప్పిచ్చే సంస్థకు చేరతాయి. మధ్యలో ఉన్నవాళ్లు వాటిని చదవకూడదు, దాచుకోకూడదు. ఇచ్చిన అనుమతి మీరు వెనక్కి తీసుకోవచ్చు. ఫోన్లో నంబర్లన్నీ లాక్కుని పరువు తీసే లోన్ యాప్‌లతో దీన్ని కలపకండి. పాత అప్పుల చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కొత్తవాళ్లను తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు కూడా చెప్పింది.

ఒక్కసారి చేతులెత్తండి. కరెంటు మీటరు మీ సొంత పేరున ఉన్నవాళ్లెందరు? చూశారా! ఆవిడకూ మీటరు ఇంటి ఓనరు పేరున, సిమ్ కొడుకు పేరున ఉన్నాయి. డబ్బు ఆవిడది, మంచిపేరు ఇంకొకరిది. అందుకే బిల్లు మీద పేరు కాకుండా, డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్లిందో చూడమంటున్నాను. అక్కల్లారా, పక్కింటి కుర్రాడి చేతికి నగదిచ్చి కట్టించకండి. మీ ఖాతా నుంచే కట్టండి.

నాకు ఇంకో భయం కూడా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు, పనుల్లేవు. ఆ నెల బిల్లు ఆలస్యమైందని మచ్చ వేస్తే ఉద్దానంలో ఎవరికి అప్పు పుడుతుంది? తుఫాను నెలలు పక్కన పెట్టి తీరాలి.

సభకు వచ్చిన బ్యాంకు మేనేజర్లకు నా విన్నపం. ఆర్నెల్ల స్టేట్‌మెంట్ చూడకుండా లోను కాదనకండి. కాదంటే కారణం కాగితం మీద రాసివ్వండి. సోమవారం నుంచి మా వాళ్లు మీ బ్రాంచీలకు వస్తారు, స్టేట్‌మెంట్లు పట్టుకునే వస్తారు.