కాగితాలు లేని చేప

వేదికపై ఉన్న అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, తెల్లవారుజాము నుంచి తొట్టెలు మోసి, నీళ్లు పట్టి, ఈ అలంకరణ చేపల ప్రదర్శనను నిలబెట్టిన యువకులకు నమస్కారం. విజయవాడ నుంచి, వరంగల్ నుంచి రాత్రి బస్సుల్లో వచ్చిన మిత్రులకు ప్రత్యేకంగా నమస్కారం.

నన్ను డిస్కస్ చేపల మేత గురించి మాట్లాడమని పిలిచారు. నిర్వాహకులు మన్నించాలి, ఆ విషయం ఈ రోజు మాట్లాడను. ఇందాక టీ దగ్గర ఒక మాట విన్నాను. మనలో కొందరు బ్రెజిల్ ప్రయాణానికి సిద్ధమవుతున్నారట. అమెజాన్ చూడాలనుకోవడం ఎంతో సంతోషం. కానీ ఆ వెంటనే ఇంకో మాట వినిపించింది: "చేతివలతో నాలుగు రకాలు పట్టి, ఆక్సిజన్ సంచుల్లో వేసి, సూట్‌కేసులో పెట్టుకొచ్చేద్దాం. వేలెడు చేపలను ఎవరడుగుతారు?"

నేనడుగుతాను. ఆ నది ఎవరిది?

1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి సుమారు 70 వేల రబ్బరు గింజలను ఓడలో ఇంగ్లండ్‌కు తీసుకుపోయాడు. ఆసియాలో రబ్బరు తోటలు ఆ గింజలతో లేచాయి, అమెజాన్ రబ్బరు వ్యాపారం కూలిపోయింది. అప్పట్లో గింజ పట్టుకెళ్లడాన్ని నిషేధించే చట్టం అక్కడ లేదు. చట్టం లేదు కాబట్టి అది న్యాయమేనంటారా? మన పసుపు మీద అమెరికాలో ఎవరో పేటెంటు తీసుకుంటే దేశమంతా మండిపడ్డాం, 1997లో రద్దు చేయించుకున్నాం. మన ఇంటి పసుపుకు వచ్చిన కోపం ఇంకొకరి ఏటి చేపకు ఎందుకు రాదు? 1992లో రియో సదస్సులో సంతకాలకు పెట్టిన జీవవైవిధ్య ఒప్పందం ఒక దేశపు జీవవనరుల మీద హక్కు ఆ దేశానిదేనని తేల్చింది. మన దేశమూ అందులో ఉంది.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. బ్రెజిల్‌లో అలంకరణ చేపలు పట్టాలన్నా, తరలించాలన్నా, ఎగుమతి చేయాలన్నా అనుమతులు ఉండాలి. గాలం వేసుకోమని పర్యాటకుడికి ఇచ్చే లైసెన్సు బతికిన చేపను దేశం దాటించడానికి పనికిరాదు. 1998 నాటి పర్యావరణ నేరాల చట్టం కింద కేసు పెడతారు. ఇక్కడ దిగాక మన ప్రభుత్వ అనుమతి, క్వారంటైన్ వేరే. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇతర దేశంలో చట్టం మీరి పట్టిన చేపను దిగుమతి చేసుకోవడం, కొనడం లేసీ చట్టం కింద అక్కడ కూడా నేరమే.

ఇక అసలు సంగతి. కొన్నాళ్ల క్రితం వేరే నగరంలో ఒక ప్రదర్శనకు వెళ్లాను. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. ఒక తొట్టెలో జీబ్రా ప్లెకోలు. తెలుపు మీద నల్ల చారలు, కళ్లు తిప్పుకోలేం. తొట్టె మీద పెద్ద అక్షరాలతో 'నది నుంచి పట్టిన చేప' అని అట్ట తగిలించారు. చుట్టూ జనం. చప్పట్లు. నేను కాగితాలు అడిగాను. ఆయన నవ్వి, "కాగితాలెందుకండీ, చేపను చూడండి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కాగితాలెందుకో చెబుతాను. ఆ చేప ప్రపంచం మొత్తంలో బ్రెజిల్‌లోని షింగు నదిలో, ఆల్తమీరా పట్టణం దగ్గర వోల్టా గ్రాండే అనే పెద్ద మలుపు ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. రాళ్ల సందుల్లో బతుకుతుంది. ఒక విడతకు పది పదిహేను గుడ్లే పెడుతుంది, మగచేప కాపలా కాస్తుంది. 1991లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. 2004లో బ్రెజిల్ దాని వేటను నిషేధించింది. 2022లో సైట్స్, అంటే ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందపు సదస్సు, దానిని ఆ అదుపు జాబితాల్లో ఒకటైన రెండో అనుబంధంలో చేర్చి, నది నుంచి పట్టినవాటి వాణిజ్య ఎగుమతి కోటాను సున్నా చేసింది. అయినా సరిహద్దు పట్టణం తబతింగా మీదుగా కొలంబియాలోని లెటీషియాకు, అక్కడి నుంచి ఆసియాకు ఆ చేపలు దొంగదారిన సాగుతూ వచ్చాయి. సూట్‌కేసుల్లో ఊపిరాడక ఎన్ని చచ్చాయో ఏ లెక్కలోనూ ఉండదు. ఒక్కటి బతికి తొట్టెలో ఈదితే మనం చప్పట్లు కొడతాం!

ఇక్కడ నా కోపం ఆ దొంగదారి వ్యాపారి మీద మాత్రమే కాదు. అదే షింగు నది మీద 2011లో బెలో మోంచె ఆనకట్ట పని మొదలుపెట్టారు. 11,233 మెగావాట్ల ప్రాజెక్టు. వోల్టా గ్రాండేలో పారే నీటిలో 80 శాతం దాకా కాలువలోకి మళ్లించే ఏర్పాటు. నోట గాలిగొట్టం పెట్టుకుని నది అడుగుకు మునిగి చేపలు పట్టే ఆల్తమీరా పేదవాడు జీబ్రా ప్లెకోను తాకితే నేరం. దాని నీళ్లనే మళ్లించిన ప్రభుత్వానిది అభివృద్ధి! ఆ ఒడ్డున ఉండే జురునా ఆదివాసులు తమ చేపలు తగ్గిపోతున్నాయని గోల పెడుతూనే ఉన్నారు. పోలవరం ముంపు గ్రామాల గురించి తెలిసిన మనకు ఈ బాధను ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

దొంగ వ్యాపారికి ఇది భలే సాకు. "ఆనకట్ట వల్ల ఎలాగూ చస్తాయి, మేం కాపాడుతున్నాం" అంటాడు. అది అబద్ధం. జర్మనీలోనూ ఇతర దేశాల్లోనూ ఏళ్ల తరబడి తొట్టెల్లోనే ఈ చేప పిల్లలను పెంచుతున్నారు. వంశం నిలబెట్టడానికి నదిని దోచనక్కరలేదు. నీళ్లు తగ్గిన నదిలో మిగిలిన ప్రతి చేపా ఇదివరకటి కంటే ఎక్కువ విలువైనది.

అలాగని నది చేపను కొనడమే పాపమని నేను అనడం లేదు. దయచేసి ఈ మాట జాగ్రత్తగా వినండి, సగం విని ఇంటికి వెళ్లవద్దు. బ్రెజిల్‌లోనే రియో నెగ్రో అనే నది ఒడ్డున బార్సెలోస్ అనే ఊరుంది. మన తొట్టెల్లో మెరిసే కార్డినల్ టెట్రా అక్కడిదే. వరద నీటిలో మునిగిన అడవిలో, పడవలో కూర్చుని, చిన్న వలలతో వాటిని పట్టే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే ఆ చేపల్లో చాలా భాగం ఎలాగూ చచ్చిపోతాయి. అందువల్ల పద్ధతిగా పడితే జాతికి దెబ్బ తగలదు. చేప అమ్ముడుపోయినంత కాలం వాళ్లు అడవిని నరకరు. 1989లో అక్కడ మొదలైన ప్రాజెక్టు పియాబా అనే పరిరక్షణ కార్యక్రమం చెప్పేది ఇదే: చేప కొను, చెట్టును కాపాడు. ఆ ఊళ్లో ఏటా అలంకరణ చేపల పండుగ చేస్తారు. ఊరు కార్డినల్ జట్టు, డిస్కస్ జట్టుగా విడిపోయి పోటీ పడుతుంది! తొట్టెలో పెంచిన చేపలు చవకగా వచ్చాక ఆ కుటుంబాల రాబడి పడిపోయింది. అంటే ఒకచోట నది చేపను కొనడం మేలు, ఇంకోచోట కొనడం ద్రోహం. ఆ తేడా చెప్పేది కాగితమే. ఎక్కడ పట్టారు, ఎవరు పట్టారు, ఎవరికి ఎంత ముట్టింది.

మన దేశంలో జరిగిందీ చూడండి. పశ్చిమ కనుమల 'మిస్ కేరళ' చేప 1997లో సింగపూర్ ప్రదర్శనలో బహుమతి గెలిచింది. ఆ తరువాత దానికోసం అక్కడి నదుల మీద పడ్డారు. 2005 నుంచి 2012 దాకా మన దేశం నుంచి ముప్పులో ఉన్న 30 జాతుల చేపలు కనీసం 15 లక్షలు ఎగుమతి అయ్యాయని పరిశోధకులు లెక్క తేల్చారు. కేరళ 2008లో కొన్ని నెలలు వేట మూసింది. ఆ నెలలు చేప గుడ్లు పెట్టే కాలానికి సరిపోలేదని తరువాత తేలింది. చట్టం ఉంటే చాలదు, దానికి చేపను ఎరిగినవాళ్ల మాట కావాలి. ఎరిగినవాళ్లం మనమే కదా! మనం నోరు మూసుకుని చప్పట్లు కొడితే ఎలా?

ఇంకొక్క మాట. జీబ్రా ప్లెకో కుటుంబానికే చెందిన పెద్ద సకర్ చేపలను మనవాళ్లు తొట్టె చాలక చెరువుల్లో వదిలారు. ఇప్పుడు వాటిని మన జాలర్లు దెయ్యం చేపలంటున్నారు. వలలు చిరిగిపోతున్నాయి. తెచ్చేవాడికి సరదా, నష్టం జాలరికి. షింగులోనూ అంతే, కృష్ణలోనూ అంతే.

బ్రెజిల్ వెళ్లే తమ్ముళ్లూ, తప్పకుండా వెళ్లండి. బార్సెలోస్ పోయి ఆ జాలర్ల పడవ ఎక్కండి, వాళ్లకు డబ్బివ్వండి, ఫొటోలు తీసుకోండి. చేప కావాలంటే లైసెన్సున్న ఎగుమతిదారు ద్వారా, ఇక్కడి అనుమతితో తెప్పించుకోండి. ఖర్చవుతుంది. అవనివ్వండి.

అధ్యక్షా, ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. వచ్చే ఏడాది నుంచి మన ప్రదర్శనలో నది నుంచి పట్టిన విదేశీ చేపను పెట్టేవారు దాని కాగితాల నకలు తొట్టె పక్కన అంటించాలి. కాగితాలు లేని తొట్టెకు చోటు లేదు, బహుమతి లేదు. పెద్ద సభ్యులకైనా ఇదే నియమం. భోజనాలకు లేచాక ఎవరూ మళ్లీ కూర్చోరు కాబట్టి ఓటింగు ఇప్పుడే పెట్టమని కోరుతున్నాను.