పిక్ లాగితే వచ్చేయాలి

(విశాఖపట్నంలో గిటారు విద్యార్థుల వార్షిక కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు, వెనక గోడ దగ్గర నిలబడి శ్రుతి సరిచేసుకుంటున్న పిల్లలకు నమస్కారం. హాలు ఇచ్చినవారికి, మైకు పెట్టిన తమ్ముడికి కృతజ్ఞతలు. మద్దిలపాలెం నుంచి ఆంప్లిఫైయర్‌ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళకి ప్రత్యేకంగా.

నాకిచ్చిన అంశం బ్లూస్ అనే అమెరికా సంగీతంలోని లిక్కులు, అంటే చిన్న చిన్న స్వర ముక్కలు; పిక్ అనే చిన్న బిళ్ళతో వేగంగా మీటడం. కాగితం మీద రాసుకునే వచ్చాను. దాని ప్రకారమే మొదలుపెడతాను.

తల్లిదండ్రుల కోసం ముందు ఒక్క మాట. పిల్లలు పెంటాటానిక్, పెంటాటానిక్ అంటుంటే అదేదో విదేశీ వ్యవహారం అనుకోకండి. ఐదు స్వరాల స్కేల్ అని అర్థం, అంతే. మన భాషలో ఔడవ రాగం. ఏ (A) మైనర్ పెంటాటానిక్ తీసుకుంటే ఏ, సి, డి, ఇ, జి, ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు. ఏ ని షడ్జమం చేసుకుని పాడండి: స గ మ ప ని. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ ఉంటే ఇప్పటికే గుర్తుపట్టి ఉంటారు, శుద్ధ ధన్యాసి. మోహనంలో ధైవతాన్ని షడ్జమం చేసి గ్రహభేదం చేస్తే వచ్చేవి ఈ స్వరాలే. వాటికి ఇ కింద ఉన్న ఇ ఫ్లాట్ కూడా కలిపితే అది బ్లూస్ స్కేల్ అవుతుంది.

అలాగని శుద్ధ ధన్యాసి, బ్లూస్ ఒకటే అని నేను అనను. స్వరాలు ఒకటే, నడక వేరు, గమకం వేరు. బ్లూస్‌లో ఆ గాంధారం ఒకచోట నిలబడదు. మూడో తీగ ఐదో ఫ్రెట్ మీద, అంటే ఐదో మెట్టు మీద, సి వాయించి తీగని కాస్త పైకి నెట్టండి. మైనరూ కాదు, మేజరూ కాదు, రెంటికీ నడుమ ఒక చోటు ఉంటుంది. అక్కడికి వెళ్ళాలి. ఆ చోటుకి మెట్టు లేదు, చెవి ఒక్కటే దారి. వీణలో మెట్టు మీద తీగని లాగి పై స్వరం రప్పిస్తారు కదా, ఆ పని ఇక్కడా ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు. మనం ఆ చుట్టుపక్కలవాళ్ళం. తీగని లాగడం మనకి కొత్తేం కాదు.

ఈ సంగీతం ఎక్కడ పుట్టిందో కూడా పిల్లలకి తెలియాలి. అమెరికా దక్షిణాదిన పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతివాళ్ళ పాట ఇది. ఒకడు పిలుస్తాడు, మిగతావాళ్ళు బదులు పలుకుతారు. పెదజాలారిపేట ఒడ్డున తెల్లవారుజామున వల లాగేవాళ్ళని చూసినవాళ్ళకి ఈ సంగతి ఇంక చెప్పనక్కరలేదు. ఒకరు అందుకుంటారు, అందరూ ఊపుతో లాగుతారు. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ వాయించింది వినండి. పాడుతూ వాయించడం ఆయన పద్ధతి కాదు. ఒక వాక్యం పాడి ఆపి, గిటారుతో బదులు చెప్పేవాడు. ఆ బదులునే మనం లిక్ అంటున్నాం. లిక్ అంటే ఒక మాటకి జవాబు. ఎవరూ ఏమీ అడగకుండా జవాబులు మాత్రం గుక్కతిప్పుకోకుండా చెబుతూ పోతే వినేవాడికి ఏం అందుతుంది?

ఇక వేగం సంగతి. కాగితంలో ఇక్కడ నాలుగు పాయింట్లు ఉన్నాయి. కానీ ఇందాక గుమ్మం దగ్గర ఒక కుర్రాడు నన్ను ఆపాడు. పేరు చెప్పను. "సార్, రోజుకి ఐదారు గంటలు చేస్తున్నాను, స్పీడ్ ఒక దగ్గర ఆగిపోయింది, సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది, ఇంకో గంట పెంచమంటారా?" అని అడిగాడు. అది విన్న దగ్గర్నుంచి నా మనసు కాగితం మీద లేదు. బాబూ, ఎక్కడున్నావో గానీ, ఇప్పుడు చెప్పేదంతా నీ కోసమే. మిగతావాళ్ళు కూడా వినండి.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. 1991. అప్పట్లో ఓడల్లో పనిచేసేవాళ్ళు తెచ్చే క్యాసెట్లే మాకు గురువులు. ఒక క్యాసెట్టు పదిమంది చేతులు మారేది. నా దగ్గర బ్యాటరీలతో నడిచే టేప్ రికార్డర్ ఉండేది. బ్యాటరీలు అరిగిపోయే దశలో టేపు నిదానించి శ్రుతి దిగిపోయేది. అదిగో అప్పుడు, మామూలుగా గజిబిజిగా వెళ్ళిపోయే లిక్కులో స్వరాలన్నీ విడివిడిగా వినబడేవి. దాంతో కొత్త బ్యాటరీలు వెయ్యడం మానేసి, పాతవి దాచుకునేవాణ్ణి. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే వేగం సగమవుతుంది, శ్రుతి కదలదు. మీ చేతిలో ఎంత సౌకర్యం ఉందో ఒక్కసారి ఆలోచించండి.

అమెరికా బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 గేజి, అంటే బాగా లావు తీగలు వాడేవాడని ఎవరో చెప్పారు. మేమూ దొరికినంత లావు తీగలు ఎక్కించేశాం. ఆయన శ్రుతిని అరమెట్టు దించి, తీగలు కాస్త వదులయ్యేలా చేసి వాయించేవాడన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. ఆయన చేతులకి ఎన్నేళ్ళ అలవాటో కూడా మేం ఆలోచించలేదు. అప్పుడు నేను ఒకచోట డబ్బు కట్టి నేర్చుకునేవాణ్ణి. చెయ్యి నొప్పి పుడుతోందని చెబితే అక్కడ వచ్చిన సమాధానం, "నొప్పి వస్తేనే స్పీడ్ వస్తుంది, భరించు" అని. భరించాను. నాలుగు నెలలు భరించాను. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుందామంటే బ్రష్ పట్టుకోలేకపోయాను. మా అమ్మ అన్నం కలిపి పెట్టింది. పంతొమ్మిదేళ్ళవాడికి! ముంజేతిలో కండని ఎముకకి కలిపే టెండన్ వాచిపోయిందన్నారు డాక్టరుగారు. ఎనిమిది నెలలు గిటారు ముట్టుకోలేదు. ఆ ఎనిమిది నెలల్లో మా అమ్మ ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

ఆ సలహా ఇచ్చిన మనిషి మీద నాకు కోపం పోయింది. ఆ సలహా మీద మాత్రం పోలేదు. ముప్పై ఏళ్ళు దాటాక కూడా అదే మాట మన ఊళ్ళో పిల్లలకి చెబుతున్నారు. తల్లిదండ్రులకి చేతులెత్తి మొక్కుతున్నాను. మీ పిల్ల గానీ పిల్లాడు గానీ చెయ్యి రుద్దుకుంటూ కనిపిస్తే "ఇంకా కష్టపడు" అనకండి. గిటారు తీసి పక్కన పెట్టించండి. నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వేళ్ళ చివర చర్మం మంట వేరు, అది కాయ కాసి పోతుంది. మణికట్టులో, మోచేతి దగ్గర వచ్చే నొప్పి వేరు. మొదటిది మామూలే. రెండోది వస్తే ఆపేయాలి.

చెయ్యి కుదుటపడ్డాక జ్ఞానాపురంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. రైల్వేలో పనిచేసేవారు. ఆదివారాలు చర్చిలో వాయించేవారు. అందరం అంకుల్ అనేవాళ్ళం. వెళ్ళగానే నాకొచ్చిన లిక్కులన్నీ ఆయన ముందు గుమ్మరించాను. మొత్తం విని, "ఏటిరా ఆ బేగి? ఎవరైనా తరుముతున్నారా నిన్ను?" అన్నారు. తర్వాత నా చేతిలో పిక్ పట్టుకుని లాగారు. రాలేదు. అంత బిగించి పట్టుకున్నాను. "ఇది లాగితే వచ్చేయాలి. వచ్చేంత వదులుగా పట్టుకుని, పడిపోకుండా వాయించు. అది వచ్చాక మళ్ళీ రా" అన్నారు. మొదటి రోజు పాఠం అంతే. నన్ను పంపేశారు.

రెండు వారాలు ఒకే తీగ మీటాను. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒకే తీగ. కింది మీటు, పై మీటు. వారం తిరిగేసరికి నాకు అర్థమైంది. నేను అన్నాళ్ళూ వేగమంతా ఎడమ చేతిలో వెతుకుతున్నాను. నిజానికి కుడి చెయ్యే మొరాయిస్తోంది. ఇక్కడున్న పిల్లల్లో నూటికి తొంభైమంది అదే చేస్తున్నారని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎడమ వేళ్ళకి వంద ఎక్సర్‌సైజులు, కుడి చేతికి ఒక్కటీ ఉండదు. వీణ నేర్పేవాళ్ళని అడగండి, మీటు కుదరందే ముందుకి పోనివ్వరు.

ఇప్పుడు కాస్త సాంకేతికంగా చెబుతాను, ఓపిక పట్టండి. తల్లిదండ్రులు కాసేపు కబుర్లు చెప్పుకున్నా ఏమీ అనుకోను.

ఐదో ఫ్రెట్ దగ్గర మొదటి బాక్స్, అంటే స్కేల్ కోసం వేళ్ళు పెట్టే మొదటి అమరిక, పిల్లలందరికీ వచ్చు. ఒక్కో తీగ మీద రెండేసి స్వరాలు. అందులోనే మనకి గొప్ప వరం ఉంది. కింది మీటుతో మొదలుపెడితే రెండో స్వరం పై మీటు అవుతుంది. అంటే తీగ మారే ముందు ఎప్పుడూ పై మీటే. పిక్‌ని తీగల తలానికి సమాంతరంగా కదిపితే ప్రతి మీటు తర్వాతా అది రెండు తీగల నడుమ ఇరుక్కుపోతుంది. అక్కడినుంచి పక్క తీగ దాటాలంటే గెంతాలి. ఆ గెంతు దగ్గరే చెయ్యి బిగుస్తుంది. దానికి బదులు మణికట్టుని కొద్దిగా, చాలా కొద్దిగా వాల్చి, పైకి వచ్చే మీటు తీగల మధ్య నుంచి గాల్లోకి లేచేలా చూసుకోండి. అప్పుడు పిక్ ఎప్పుడూ బయటే ఉంటుంది, ఏ తీగ మీదికైనా హాయిగా దిగుతుంది. ట్రాయ్ గ్రేడీ అనే అమెరికా గిటారిస్టు కెమెరాని గిటారుకే బిగించి, పేరున్న వాదకుల కుడి చేతుల్ని దగ్గర్నుంచి చిత్రీకరించి ఈ సంగతి విడమరిచి చెప్పాడు. గిటారిస్టు ఎరిక్ జాన్సన్ పెంటాటానిక్ పరుగులు అంత నీళ్ళలా పారడానికి ఈ వాలు ఒక కారణం.

తీగకి ఒక్క స్వరం, మూడు స్వరాలు వచ్చే లిక్కుల్లో ఈ లెక్క తప్పుతుంది. అక్కడ పుల్ ఆఫ్, అంటే మళ్ళీ మీటకుండా ఎడమ వేలితోనే తీగని లాగి వదిలి కింది స్వరం పలికించడం, ఆదుకుంటుంది. మొదటి తీగ ఎనిమిదో ఫ్రెట్ మీటి, ఐదుకి పుల్ ఆఫ్ చేసి, రెండో తీగ ఎనిమిది మీటండి. మూడు స్వరాలు, రెండే మీటులు. మీరు క్యాసెట్లలో, అదే ఫోన్లలో వినే సగం మెరుపులు ఇవే. అన్నీ మీటాలని నియమం ఏమీ లేదు.

అంకుల్ అప్పట్లో ఒక మాట అన్నారు. మొదట ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నిదానంగా మాత్రమే వాయిస్తూ పోతే వేగం దానంతటది రాదు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెడితే, దెబ్బకి నాలుగు చొప్పున సెకనుకి నాలుగు స్వరాలు. 120 మీద ఎనిమిది. నాలుగు వాయించేటప్పుడు చెయ్యి కదిలే తీరు వేరు, ఎనిమిదికి వేరు. నడకని ఎంత సాధన చేసినా అది పరుగు కాదు. అందుకే చిన్న చిన్న ముక్కలు చెయ్యాలి. నాలుగంటే నాలుగే స్వరాలు, వదులు చేత్తో, నిజమైన వేగంలో వాయించి ఆగిపోవాలి. భుజం దించాలి, ఊపిరి వదలాలి. మళ్ళీ నాలుగు. బిగుసుకుంటే ఆ ముక్క పనికిరాదు. ఇలా పది నిమిషాలు చేస్తే చాలు. ఐదారు గంటలు అక్కరలేదు బాబూ.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్కటి చెప్పి ముగిస్తాను.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. ఆ ఆదివారం ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. ఆ తర్వాత రోజుల తరబడి మా వీధికి కరెంటు లేదు. చెట్లన్నీ నేలకూలి కైలాసగిరి బోడిగా కనబడేది. మూడో రోజు సాయంత్రం మా వీధి పిల్లలు నలుగురు ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకుని మేడ మీదికి వచ్చారు. ఇంట్లో కూర్చోలేక వచ్చారు పాపం. కరెంటు లేదు గనక ఆంప్లిఫైయర్ లేదు, డిస్టార్షన్ లేదు. ఉత్త తీగల చప్పుడు. ఆ చీకట్లో వాళ్ళు రోజూ వాయించే లిక్కులే వాయిస్తే ఏ స్వరం మింగేస్తున్నారో, పిక్ ఎక్కడ తట్టుకుంటోందో అంతా బయటపడిపోయింది. వాళ్ళకే వినబడింది. వాళ్ళే నిదానించారు. ఒక పిల్లాడు మూడో తీగ ఏడో ఫ్రెట్‌ని పైకి లాగి, రెండో తీగ ఐదో ఫ్రెట్‌తో కలిపి చూసుకుంటున్నాడు. ఆ రెండూ ఒకే ఇ అవ్వాలి. ఓ పాతికసార్లు లాగి ఉంటాడు. ఒకసారి సరిగ్గా కలిసింది. పక్క మేడ మీద కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ ఒకావిడ "అది మళ్ళీ వాయించు నాయనా" అంది. ఒక్క స్వరం! దాన్నే ఆవిడ మళ్ళీ అడిగింది.

కాబట్టి ఇంటికెళ్ళాక రోజూ కాసేపు ఆంప్ ఆపేసి వాయించండి. వాయించాక తీగలు పొడిబట్టతో తుడవండి, మన సముద్రపు గాలికి తుప్పు బేగి పడుతుంది. తుప్పు తీగని పైకి లాగితే జారదు, చెయ్యి మళ్ళీ బలం పెడుతుంది, కథ మొదటికొస్తుంది.

ఇప్పుడు మొదటి అంశం. వాయించబోయే అమ్మాయికి పన్నెండేళ్ళు. ఒకే లిక్‌ని ముందు 60 మీద, తర్వాత 90 మీద వాయిస్తుంది. మధ్యలో ఎవరూ "ఇంకా స్పీడ్" అని అరవకండి, దయచేసి. రా తల్లీ. కూర్చో. పిక్ ఇలా ఇవ్వు, నేను లాగుతాను. ఆఁ, వచ్చింది. బావుంది. మూడో తీగ శ్రుతి ఒక్కసారి చూసుకో, ఇందాక లాగావుగా, కాస్త దిగి ఉంటుంది.