పులికాట్ సరస్సు, నేలపట్టు: రెండూ కలిపి చూడవలసిన చోటు

నమస్కారం. ఈ వీడియోలో పులికాట్ సరస్సునూ, దానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రాన్నీ కలిపి సమీక్షిస్తున్నాను. చాలామంది ఏదో ఒకటి చూసి తిరిగి వెళ్లిపోతున్నారు. కానీ నేలపట్టులో గూళ్లు కట్టుకున్న గూడబాతులు (పెలికాన్లు) పిల్లల కోసం చేపలు పట్టుకొచ్చేది పులికాట్ నుంచే కనుక, వాటికి ఈ రెండూ ఇల్లూ పొలమూ వంటివి.

ముందుగా పులికాట్. మన దేశంలో చిలికా తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి ఉంది. సూళ్లూరుపేట నుంచి ఆ దీవికి వెళ్లే రోడ్డు సరస్సు నడుమ నుంచే సాగుతుంది కాబట్టి పడవ ఎక్కకుండానే రెండు వైపులా నీటిపక్షులను చూడవచ్చు.

ఇప్పుడు తెరపై కనిపిస్తున్నవి ఫ్లెమింగోలు. తలను పూర్తిగా తలకిందులుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడుతూ, ముక్కు అంచుల్లోని జల్లెడ వంటి పళ్లతో సన్నని రొయ్యలనూ నాచునూ వడగట్టుకుంటాయి. రెక్కల గులాబీ రంగు ఆ మేత నుంచే వస్తుంది. ఈ దృశ్యాన్ని ఎంతసేపు చూసినా నాకు తనివి తీరలేదు. అయితే పక్షులు సాధారణంగా రోడ్డుకు దూరంగానే మేస్తాయి. బైనాక్యులర్స్ లేకపోతే మీకు కనిపించేది ఒక తెల్లని గీత మాత్రమే. దగ్గరికి వెళ్లాలని బురదలోకి దిగకండి. మేత మానుకుని గుంపంతా లేచిపోతుంది.

సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుండటం నన్ను నిజంగా కలవరపెట్టింది. పోటునీరు లోపలికి రాకపోతే చేపలు తగ్గుతాయి, వాటిపై బతికే మత్స్యకారులకూ పక్షులకూ ఒకేసారి దెబ్బ తగులుతుంది.

నేలపట్టు చాలా చిన్నది, కానీ పక్షులు ఎంతో దగ్గరగా కనిపిస్తాయి. చెరువు నీటిలోనే నిలిచి పెరిగే కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పొలాలకు బలమని చుట్టుపక్కల రైతులు ఈ పక్షులను ఆదరంగా చూసుకుంటారు.

అక్టోబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. ఉదయపు వెలుగులో పులికాట్ చూసి, ఎండ తగ్గాక నేలపట్టు చేరుకోండి. ఉదయం మీరు సరస్సుపై చూసిన గూడబాతులు సాయంత్రం వరుసకట్టి గూళ్లకు దిగడం అక్కడి కట్టపై నిలబడి చూడవచ్చు.