ఎర్ర గీత ఉన్న కాగితం

శ్రోతలకు నమస్కారం.

జర్మన్ భాషలో డుల్డుంగ్ అని ఒక మాట ఉంది. మన భాషలో ఓర్చుకోవడం, సహించడం. ఇంటికి వచ్చిన మనిషిని వెళ్ళిపొమ్మన్నాక, ఆ మనిషికి వెళ్ళే దారి లేకపోతే, సరే, అప్పటిదాకా అరుగు మీద ఉండు అన్నట్టు. ఆ ఓర్పును అక్కడి అధికారులు ఒక కాగితంగా రాసి ఇస్తారు. ఈ మూల నుంచి ఆ మూలకు దాని మీద ఎర్ర గీత ఉంటుంది. ఇది నివాస అనుమతి కాదు, ఇది ఉన్నవారు దేశం విడిచి వెళ్ళవలసినవారే అని ఆ కాగితమే చెబుతుంది.

ఆశ్రయం కోరి కాదనిపించుకున్నవారిలో చాలామంది చేతిలో ఉండే కాగితం ఇదే. పాస్‌పోర్టు లేదనో, జబ్బుతో ఉన్నారనో, వెనక్కి పంపడం కుదరనప్పుడు ఇస్తారు. గడువు సాధారణంగా కొన్ని నెలలే. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ పొడిగించుకోవాలి. అలా పొడిగించుకుంటూ ఏళ్ళు గడిపినవారు ఉన్నారు. పిల్లలు బడికి వెళ్తారు, భాష వస్తుంది, ఎర్ర గీత మాత్రం అలాగే ఉంటుంది.

ఈలోగా పని చేయడానికి అనుమతి దొరికితే మనిషి పనిలో చేరతాడు. నాకు ఎంతో ఇష్టమైన కథ ఇక్కడే మొదలవుతుంది.

జర్మనీ దక్షిణ కొసన, కాన్‌స్టన్స్ సరస్సుకు దగ్గరలో టెట్‌నాంగ్ అనే చిన్న పట్టణం ఉంది. కొండలెక్కేవారికి సంచులు, దుస్తులు తయారుచేసే ఫౌడే సంస్థ అక్కడిదే. దాని అధినేత ఆంట్యే ఫోన్ డెవిట్స్ అనే మహిళ. ఆ ప్రాంతంలోనే లాయిట్‌కిర్ష్‌లో గాట్‌ఫ్రీడ్ హేర్లె అనే బీరు తయారీదారు ఉన్నారు. 2015 ప్రాంతంలో శరణార్థులు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు, పనివాళ్ళు దొరకక ఇబ్బంది పడుతున్న ఆ చుట్టుపక్కల సంస్థలు వాళ్ళను చేర్చుకున్నాయి. పని నేర్పాయి. ఆ చేతులు పనికి అలవాటు పడేసరికి, ఆశ్రయ దరఖాస్తులు తిరస్కరించామన్న ఉత్తరాలు రావడం మొదలైంది. నిన్నటిదాకా పక్క యంత్రం దగ్గర నిలబడిన మనిషి రేపు ఉంటాడో లేదో తెలియదు. అతనికీ తెలియదు, యజమానికీ తెలియదు.

2018లో వీరిద్దరూ ముందు నిలిచి తోటి యజమానులను కూడగట్టారు. వందకు పైగా సంస్థలు చేరాయి. వాళ్ళు అడిగింది ఒక్కటే: పని చేస్తున్నవారిని ఉండనివ్వండి. దయ చూపండి అని కాదు, ఈ మనుషులు మాకు కావాలి అని. యజమాని తన పనివాడి కోసం ప్రభుత్వం ముందు నిలబడి ఆ మాట అనడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇలాంటి ఒత్తిళ్ళ నడుమ 2019లో చట్టం వచ్చింది, 2020 జనవరి 1 నుంచి అమలైంది. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే డుల్డుంగ్ అన్నమాట. నెలల కాగితం కాదు, ఏకంగా 30 నెలలు. కానీ షరతులు గట్టివి. మొదట 18 నెలల ఉద్యోగం, వారానికి 35 గంటలు ఉండాలన్నారు. 2024లో దాన్ని 12 నెలలకు, వారానికి 20 గంటలకు తగ్గించారు. జీతంతో తన ఖర్చులు తానే భరించాలి, జర్మన్‌లో మాట్లాడగలగాలి, తానెవరో నిరూపించుకోవాలి. ఆ 30 నెలలూ సజావుగా గడిస్తే నివాస అనుమతి వైపు దారి తెరుచుకుంటుంది.

వీటన్నిటికంటే నా మనసుకు కష్టంగా తోచే షరతు ఇంకొకటి ఉంది. దరఖాస్తుకు ముందు 12 నెలలు మామూలు డుల్డుంగ్ మీద గడిపి ఉండాలి. ఆ 12 నెలల్లో వెనక్కి పంపడానికి వీలు చిక్కితే పంపేయవచ్చు. అంటే రక్షణ దొరకాలంటే ముందు ఒక ఏడాది రక్షణ లేకుండా నిలదొక్కుకోవాలి. రోజూ సమయానికి పనికి వెళ్తూ, రాత్రి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతూ. ఆ ఏడాదిని తీసేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక మన ఇళ్ళకు సంబంధించిన ఒక్క మాట. తెలుగు పిల్లలు చాలామంది జర్మనీలో చదువుకుంటున్నారు, ఇంకా వెళ్తున్నారు. వీసా గడువు ముగుస్తోందా, ఆశ్రయం అడుగు, కాదన్నా పరవాలేదు, పని చూసుకుంటే ఉండనిస్తారు అని ఏ ఏజెంటైనా చెబితే నమ్మకండి. ఈ దారి 2022 డిసెంబరు 31 లోపు ఆ దేశంలో అడుగుపెట్టినవారికే. ఆ తర్వాత వెళ్ళినవారు ఎన్నేళ్ళు పని చేసినా ఈ నిబంధన వర్తించదు. పైగా ఆశ్రయం అడిగి కాదనిపించుకుంటే, మామూలుగా దొరికే చాలా రకాల నివాస అనుమతులకు అదే అడ్డు అవుతుంది. డబ్బు కట్టే ముందు ఆ ఏజెంటును ఈ తేదీ గురించి అడగండి. 2022 డిసెంబరు 31. మీ పిల్లలకు ఫోను చేసినప్పుడు వాళ్ళకూ ఈ తేదీ చెప్పండి.

సెలవు.