క్లోమంలో కొవ్వు: పిల్లల ఊబకాయంపై ఫోన్-ఇన్

యాంకర్: తణుకు నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబుకి 14 ఏళ్లు, బరువు 82 కిలోలు. కడుపునొప్పి అంటే స్కానింగ్ తీయించాం. నొప్పి తగ్గిపోయిందండి, గ్యాస్ అన్నారు. కానీ రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని, పాంక్రియాస్ కూడా ఫ్యాటీ అని రాశారు. మా ఆడపడుచుగారి ఆయన పాంక్రియాస్ పాడయ్యే ఐసీయూలో పడ్డారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్...

డాక్టర్: టీవీ సౌండ్ తగ్గించండమ్మా. ఆయన మందు తాగేవారా?

కాలర్: ఆ... తాగేవారండి.

డాక్టర్: ఆయనకి క్లోమం, అంటే మీరన్న పాంక్రియాస్, వాచి ఉంటుంది. మీ బాబు సంగతి వేరు. ఒంట్లో కొవ్వు మరీ ఎక్కువైతే లివర్లోకీ, క్లోమంలోకీ చేరుతుంది. రక్తంలో షుగర్‌ని అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోనే కాబట్టి ముందుముందు షుగర్ వస్తుందేమోనని చూస్తాం. అలాగని కొవ్వున్న ప్రతి పిల్లాడికీ షుగర్ రాదు. మామూలు స్కానింగ్‌లో కొవ్వు ఎంతుందో కచ్చితంగా తేలదు కూడా.

కాలర్: అయితే ఎంఆర్ఐ తీయించమంటారా?

డాక్టర్: వద్దు. తీయించినా నేను చెప్పేది మారదు. మెడ వెనక నల్లగా ఉందా?

కాలర్: ఉందండి. శనగపిండి పెట్టి ఎంత రుద్దినా పోవట్లేదు.

డాక్టర్: రుద్దకండమ్మా, అది మురికి కాదు! ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఒంట్లో ఎక్కువైపోతే అలా నల్లబడుతుంది. నడుము ఎంత?

కాలర్: ప్యాంటు 38 అండి.

డాక్టర్: ప్యాంటు సైజు కాదు. టేపు పెట్టి కొలవండి. నడుము ఎత్తులో సగం దాటకూడదు. 160 సెంటీమీటర్ల పిల్లాడికి 80 లోపు ఉండాలి. తర్వాత రక్తపరీక్షలు. పరగడుపు షుగర్ 100 లోపు, మూడు నెలల సగటు, ఏ1సీ అంటారు, 5.7 లోపు ఉండాలి. పరగడుపు షుగర్ 126 గానీ, ఏ1సీ 6.5 గానీ, ఆపైన గానీ వస్తే షుగర్ కిందే లెక్క, మళ్లీ ఓసారి చేయించి ఖాయం చేస్తాం. లివర్ ఎలా ఉందో చెప్పే ఎస్‌జీపీటీ పరీక్షలో 40 వరకూ నార్మల్ అని చాలా ల్యాబుల్లో వేస్తారు. అది పెద్దవాళ్ల లెక్క. మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22 దాటితే చాలు, నేను ఎక్కువంటాను. బీపీ, ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు, కూడా చూపించండి.

కాలర్: సరే మేడమ్. మరి పాంక్రియాస్‌కి మందేమైనా... మా పక్కింటావిడ ఏదో పొడి...

డాక్టర్: పొడులొద్దు. ఆ కొవ్వుకని విడిగా మందు లేదు, బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. కూల్ డ్రింకులు తాగుతాడా?

కాలర్: ఆదివారాలేనండి. అంటే... ట్యూషన్ నుంచి వస్తూ కూడా.

డాక్టర్: 300 ఎంఎల్ సీసాలో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. ముందు అది మానిపించండి. మీరూ ఇంటికి తేవడం మానండి. వాడొక్కడికే పథ్యం పెట్టి మిగతావాళ్లు బజ్జీలు తింటే కుదరదు. రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడాలి. స్కూళ్లలో పీటీ పీరియడ్ లెక్కల మాస్టారు పట్టుకుపోతే ఇక ఎక్కడ ఆడతారు?

కాలర్: రాత్రి అన్నం మానిపించనా?

డాక్టర్: పస్తు పెట్టొద్దు, ఎదిగే వయసు. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి.

కాలర్: మరి పాంక్రియాస్‌కి ప్రమాదం లేదంటారా?

డాక్టర్: (నవ్వి) ఇప్పుడే చెప్పానుగా తల్లీ. రిపోర్టులో ఆ ఒక్క ముక్క పట్టుకుని కూర్చోకండి. ఈ వారంలో పరీక్షలు చేయించి పిల్లల డాక్టరుకి చూపించండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఖమ్మం నుంచి ఇంకొకరు.

కాలర్: మేడమ్, మా అమ్మాయికి 16 ఏళ్లు, హాస్టల్లో ఇంటర్. ఏ1సీ 5.9 వచ్చింది.

డాక్టర్: షుగర్‌కి ముందు దశ. బాగా దాహం, రాత్రుళ్లు మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవడం ఉందా?

కాలర్: హాస్టల్లో కదండీ, తెలీదు... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది. నిజామాబాద్ కాలర్.

కాలర్: మా బాబు సన్నగానే ఉంటాడు సార్... సారీ, మేడమ్. నాకు షుగరుంది. వాడికి స్కానింగ్ తీయించాలా?

డాక్టర్: అక్కర్లేదు. టేపు తీసుకుని నడుము కొలవండి.

కాలర్: నెలనెలా కొలవాలా?

డాక్టర్: ఆరు నెలలకోసారి చాలు. నెలనెలా కొలవాల్సింది మీ నడుము.