తూటా పేలలేదు, మరి యుద్ధం మెడల్ ఎట్లా ఇచ్చారు?

అందరికీ నమస్తే. పొద్దున ఐదింటికి హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి పోతే, ఆర్మీ సెలక్షన్ల కోసం 1,600 మీటర్లు ఉరికే పోరగాళ్లు కనిపిస్తారు. మొన్న పరుగయ్యాక చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, గల్వాన్‌లో చైనాతో యుద్ధమే కాలేదు, ఒక్క తూటా పేలలేదు, మరి కల్నల్ సంతోష్ బాబుకి యుద్ధంలో ఇచ్చే మహావీర చక్ర ఎట్లా ఇచ్చారు?" ఐదారుగురం ఉన్నాం, ఒక్కరం సరిగ్గా చెప్పలేకపోయాం. సిగ్గనిపించింది. ఆయనేమన్నా దూరపాయనా, వర్ధన్నపేట, తొర్రూరు దాటి పోతే సూర్యాపేటే కదా.

సరే, విషయానికొద్దాం. మన శౌర్య పతకాలు రెండు వరుసలు. పరమవీర, మహావీర, వీర చక్రలు ఒక వరుస, పెద్దది ముందు. అశోక, కీర్తి, శౌర్య చక్రలు రెండో వరుస, టెర్రరిస్టులతో ఎదురుకాల్పుల్లాంటి వాటికి ఎక్కువగా ఇవే వస్తాయి. కోచింగ్ సెంటర్లలో "మొదటివి యుద్ధానికి, రెండోవి శాంతికాలానికి" అని బట్టీ పట్టిస్తారు. పరీక్షకు అది చాలు. కానీ మొదటి వరుస రూల్‌లో ఉన్న అసలు మాట "శత్రువు ఎదుట" అని. యుద్ధం ప్రకటించారా లేదా అన్న లెక్క అక్కడ లేదు.

ఇప్పుడు 2020 జూన్ 15 రాత్రికి పోదాం. తూర్పు లద్దాఖ్, గల్వాన్ లోయ. 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ సంతోష్ బాబు, వయసు 37. చైనా సైన్యం ఎదురుగా ఉండగానే అక్కడ అబ్జర్వేషన్ పోస్ట్ పెట్టే పని ఆయనది. 1996లో రెండు దేశాలు రాసుకున్న ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు, అంటే రెండు సైన్యాల మధ్య సరిహద్దులాంటి గీతకు, 2 కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదు. అందుకే ఆ రాత్రి కొట్లాట రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో, ఉత్త చేతులతో జరిగింది. చుట్టూ చీకటి, పక్కన ఎముకలు కొరికే చలిలో పారే నది. సైటేషన్‌లో, అంటే మెడల్ ఎందుకిచ్చారో చెప్పే కాగితంలో, ఏం రాశారంటే, తీవ్రంగా గాయపడ్డా ఆయన ముందుండి నడిపించారు, చివరి శ్వాస దాకా శత్రువును అడ్డుకున్నారు. మనవాళ్లు 20 మంది పోయారు. శత్రువు ఎదుట అంటే ఇంతకంటే ఎదురు ఏముంటుంది?

ఇంకోటి, ఈ వరుస మెడల్స్ చనిపోయినవాళ్లకే అనుకుంటారు. అదే గల్వాన్‌లో ఐదుగురికి వీర చక్ర వచ్చింది, వాళ్లలో హవల్దార్ తేజిందర్ సింగ్ బతికే అందుకున్నారు.

[స్క్రీన్ మీద మహావీర చక్ర ఫొటో]

చూడండి, గుండ్రటి వెండి బిళ్ల, మీద ఐదు కోణాల నక్షత్రం. రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ. యూనిఫామ్ మీద ఆ రెండు రంగులు కనిపిస్తే మహావీర చక్ర అన్నట్టు. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి భవన్‌లో సంతోష్ బాబు తల్లి, భార్య కలిసి దాన్ని అందుకున్నారు. ఆ వీడియో నేను రెండోసారి చూడలేకపోయా.

ఇదంతా మర్నాడు ఆ తమ్ముడికి చెప్తే ఊరుకున్నాడా? "అయితే పరమవీర చక్రే ఇయ్యొచ్చు కదన్నా?"

న్యాయమైన ప్రశ్నే. 2021 జనవరిలో అవార్డు ప్రకటించినప్పుడు ఆయన తండ్రి కూడా నూటికి నూరుపాళ్లు తృప్తిగా లేదనే అన్నారు. రూల్స్‌లో చూస్తే మహావీర చక్రకి "విశిష్టమైన శౌర్యం", పరమవీర చక్రకి "అత్యంత విశిష్టమైన సాహసం లేదా ఆత్మత్యాగం" అని ఉంటుంది. తేడా ఒకటి రెండు మాటల్లోనే ఉంది. యూనిట్ నుంచి పోయిన సిఫార్సు ఒక్కో మెట్టూ ఎక్కి ఢిల్లీ చేరాక, ఏ మాటకు తూగిందో పైవాళ్లు తేలుస్తారు. ఇప్పటిదాకా పరమవీర చక్ర వచ్చింది 21 మందికే, కాబట్టి వాళ్లు దాన్ని ఎంత పిసినారిగా ఇస్తారో అర్థం చేసుకోవచ్చు. అయినా నన్నడిగితే, ఆ తండ్రి మాటే నా మాట.