కన్ను మోసపోతే చెయ్యి కూడా మోసపోతుందా?

అందరికీ నమస్కారం. మీ ముందున్న నీళ్ల బాటిల్‌ని ఒకసారి అందుకోండి. తాగకపోయినా పర్వాలేదు, వేళ్లను గమనించండి. చెయ్యి ఇంకా దారిలో ఉండగానే బొటనవేలూ చూపుడువేలూ విచ్చుకుంటాయి, అదీ బాటిల్ లావు కంటే కాస్త ఎక్కువగానే. అందుకోవడానికి పట్టే సమయంలో సుమారు మూడింట రెండు వంతులు గడిచాక ఆ ఎడం మళ్లీ తగ్గుతూ వస్తుంది. లావు వస్తువైతే ఎడమూ ఎక్కువే. అంటే ముట్టుకోకముందే చెయ్యి సైజు అంచనా వేసేసిందన్నమాట.

ఇప్పుడు తెర మీద బొమ్మ చూడండి. దీన్ని ఎబ్బింగ్‌హాస్ భ్రమ అంటారు. మధ్యలో ఉన్న రెండు వృత్తాలూ ఒకటే సైజు. కానీ చుట్టూ చిన్నవి ఉన్నది పెద్దగా, పెద్దవి ఉన్నది చిన్నగా కనిపిస్తుంది. నిజం తెలిశాక కూడా అంతే!

1995లో కెనడాలో అగ్లియోటి, డిసౌజా, గుడేల్ ఈ వృత్తాల స్థానంలో పల్చటి బిళ్లలు పెట్టి, పట్టుకోమని, వేళ్ల ఎడం కొలిచారు. కళ్లు మోసపోయాయి, వేళ్లు మాత్రం చాలావరకు అసలు సైజుకు తగ్గట్టే విచ్చుకున్నాయి. గుర్తుపట్టే చూపుకు మెదడులో ఒక దారి, పని చేయించే చూపుకు ఇంకో దారి అని 1992లోనే గుడేల్, మిల్నర్ ప్రతిపాదించి ఉన్నారు. దానికిది చక్కగా అతికింది.

కానీ 2000లో జర్మనీ నుంచి ఫ్రాంజ్ బృందం అడ్డుపడింది. చూసి చెప్పేటప్పుడు రెండు బిళ్లల్నీ పోలుస్తున్నారు, పట్టుకునేటప్పుడు ధ్యాసంతా ఒక్కదాని మీదే. పోటీ సమానంగా లేదు కదా! సమానం చేసి చూస్తే చెయ్యీ కంటిలాగే మోసపోయింది. 2016లో నాలుగు ల్యాబుల్లో 144 మందితో చేసిన ప్రయోగంలోనూ పట్టు మీద భ్రమ ప్రభావం స్పష్టంగా కనిపించింది. అంతమాత్రాన రెండు దారుల సిద్ధాంతం కొట్టుకుపోయిందని నేననుకోను. కార్బన్ మోనాక్సైడ్ వల్ల మెదడు దెబ్బతిన్న ఒకావిడ, ఎదురుగా ఉన్న పలకలోని సన్నటి చీలిక ఏ వాలులో ఉందో చెప్పలేకపోయేది. కార్డు చేతికిచ్చి దూర్చమంటే మాత్రం సరిగ్గా తిప్పి దూర్చేసేది. ఆ సాక్ష్యానికి ఈ బిళ్లలతో పని లేదు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది బరువు ప్రయోగం. ఒకే బరువున్న చిన్న డబ్బా, పెద్ద డబ్బా మార్చి మార్చి ఎత్తిస్తారు. మొదట పెద్దదాని మీద అనవసరంగా ఎక్కువ బలం పెడతాం. కొన్నిసార్లు ఎత్తేసరికి వేళ్లు తెలివి తెచ్చుకుని రెండింటికీ ఒకే బలం పెడతాయి. నోరు మాత్రం చిన్నదే బరువని అంటూనే ఉంటుంది. ఇది 2000లో ఫ్లానగన్, బెల్ట్‌జ్నర్ చూపించారు. అలాంటి డబ్బాలు రెండు ఈ బల్ల మీద పెట్టాను, వెళ్లేముందు ఎత్తి చూడండి.